చెక్‌లిస్టులో అన్నీ టిక్కులే, మరి ఆవులు నిజంగా బాగున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

కొత్త మేనేజరు:

అందరికీ నమస్తే. పాలిచ్చే ఆవులు 60 ఉన్న ఫారం చూసుకుంటున్నాను. ఎక్కువ హోల్‌స్టీన్ సంకరాలే, కట్టేయకుండా వదిలేసే షెడ్డు, పడుకోవడానికి క్యూబికల్స్ (పైపులతో విడగొట్టిన ఒక్కో ఆవు పక్క), కింద రబ్బరు మ్యాట్లు. మా పాలు కొనే డెయిరీ వాళ్లు ఆవుల సంక్షేమం, ఆరోగ్యం మీద మూడు నెలలకోసారి రిపోర్టు ఇమ్మంటున్నారు. ఫార్మాట్ మీ ఇష్టం అన్నారు, అసలు తలనొప్పి అక్కడే వచ్చింది.

నేనొక లిస్టు తయారు చేశాను. ఆవుకు ఎంత జాగా, ఫ్యాన్లు తిరుగుతున్నాయా, నీటి తొట్లు ఎన్ని, టీకాల తేదీలు, నట్టల మందు, దాణా నిల్వ, డాక్టరు వచ్చి వెళ్లిన రోజులు, ఇలా. అన్నీ టిక్కులే పడ్డాయి, ఓనరు ఖుషీ. కానీ అదే కాగితం పట్టుకుని షెడ్డులో తిరిగితే అందులో ఆవు గురించి ఒక్క ముక్క కూడా లేదనిపించింది. ఒక ఆవు వెనక కాలు ఆచితూచి వేస్తోంది, ఇంకోదానికి వెనక కాలి కీలు దగ్గర వెంట్రుకలు ఊడిపోయి ఎర్రగా ఉంది. నా లిస్టులో ఆ రెంటికీ గడే లేదు.

మీలో ఫారాలు తిరిగి చూసేవాళ్లు దేన్ని ముందు చూస్తారు, ఏ వేళప్పుడు చూస్తారు, ఎంత ఉంటే బాగున్నట్టు? డాక్టరు కానివాడు చేయగలిగేలా చెప్పండి.

గిట్టల డాక్టరు:

మీరు రాసింది ఏర్పాట్ల లిస్టు. అదీ ఉండాలి, తీసేయకండి. కాకపోతే ఏర్పాటు చేశామంటే అది ఆవుదాకా చేరిందని కాదు. ఆరు తొట్లు ఉండొచ్చు, రెండింట్లో పాచి ఉండొచ్చు, ఒకటి సందు చివర్న ఉంటే మందలో పెత్తనం చేసే ఆవు అక్కడ నిలబడిందంటే మిగతావి దాని ఛాయలకు కూడా రావు. 1979లో బ్రిటన్‌లో చెప్పిన ఐదు స్వేచ్ఛలు (ఆకలి దప్పులు, అసౌకర్యం, నొప్పి-జబ్బు, భయం లేకుండా, సహజంగా మెలిగేలా ఉండటం) ఆవుకు ఏం కావాలో చెప్తాయి గానీ ఎలా కొలవాలో చెప్పవు. యూరప్‌లో 2009లో బయటికొచ్చిన వెల్ఫేర్ క్వాలిటీ పద్ధతిలో మేత, వసతి, ఆరోగ్యం, ప్రవర్తన అని నాలుగు విభాగాలు, వాటి కింద 12 అంశాలు ఉంటాయి, అందులో వీలైనంత వరకు ఆవునే చూసి రాస్తారు. అదంతా చేయాలంటే గంటలు గంటలు పడుతుంది. మీకు పనికొచ్చేంత వరకు చెప్తాను.

ముందు లోపలికి వెళ్లకండి. మీరు అడుగు పెట్టగానే పడుకున్నవి లేస్తాయి, చూడాల్సింది పోతుంది. పాలు తీసి మేత తిన్నాక ఒక గంటా గంటన్నర గడవనిచ్చి గేటు దగ్గరే నిలబడి లెక్కపెట్టండి. క్యూబికల్స్‌లో ఉన్న ఆవుల్లో ఎన్ని పడుకున్నాయి, ఎన్ని ఊరికే నిలబడ్డాయి, ఎన్ని ముందు కాళ్లు లోపల పెట్టి వెనక కాళ్లు దారిలో ఉంచి ఆగిపోయాయి. ఈ మూడో రకాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మెడకు తగిలే పైపు మరీ వెనక్కి ఉందో, పక్క గట్టిగా ఉందో, కాళ్లు నొప్పో, ఏదో ఒకటి అయ్యుంటుంది. క్యూబికల్స్‌లోకి ఎక్కినవాటిలో 85 శాతం దాకా పడుకుని ఉంటే పక్కలు నచ్చినట్టే. పాడి ఆవు రోజుకు 10 నుంచి 12 గంటలు పడుకోవాలి, మంచి పక్క దొరికితే 14 గంటలు కూడా పడుకుంటుంది. పడుకున్నవాటిలో సగానికి పైగా నెమరు వేస్తూ కనబడాలి.

నడక ఎప్పుడు చూడాలంటే, పాలు తీశాక బయటికి వచ్చేటప్పుడు, జారని చదును నేల మీద, పక్క నుంచి. వీపు గీత చూడండి. నిలబడినా నడిచినా చదునుగా ఉంటే 1. నిలబడితే చదును, నడిస్తే వంపు అయితే 2. రెండు వేళలా వంపు ఉండి అడుగులు పొట్టిగా పడితే 3. ఏదో ఒక కాలిని కాపాడుకుంటున్నట్టు తెలిసిపోతే 4. కాలు మోపడానికే ఒప్పుకోకపోతే 5. చాలామంది 4, 5 వచ్చినవాటినే కుంటి ఆవులంటారు. అందుకే రైతు చెప్పే లెక్కకూ, పక్కన నిలబడి మార్కులు వేస్తే వచ్చే లెక్కకూ ఎప్పుడూ పొంతన ఉండదు, ఏ దేశంలో చూసినా ఇదే కథ. రోజూ చూసే కంటికి ఆ నడకే మామూలు నడక అయిపోతుంది. పైగా ఆవు నొప్పి బయటపడనివ్వదు.

మీరు చెప్పిన కీలు పుండు సంగతి. వెంట్రుకలు ఊడటం, పుండు పడటం, వాపు రావడం మూడింటినీ విడివిడిగా రాయండి. రబ్బరు మ్యాట్లు అన్నారు కదా, పైన రంపపు పొట్టో గడ్డో మందంగా వేయకపోతే అవే ఒరుసుకుంటాయి. ఒక చిన్న పరీక్ష ఉంది. మీరే ఆ పక్క మీద ఒక్కసారి మోకాళ్ల మీద కూలబడి చూడండి. నొప్పి పుడితే అంతకంటే చాలా బరువున్న ఆవు సంగతి మీకే తెలుస్తుంది. కాసేపు అలాగే ఉండి లేస్తే ప్యాంటు తడిసిందా, పొదుగు రోజంతా ఆ తడిలోనే ఉంటోందన్నమాట.

ఒళ్లు, అంటే ఆవు ఎంత కండ, కొవ్వు పట్టి ఉందో, దానికి 1 నుంచి 5, పావు మార్కు తేడాలతో వేస్తారు. నడుము పక్క ఎముకలు, తుంటి, తోక మొదలు చూస్తే చాలు. ఈనే నాటికి 3, 3.5 మధ్య ఉండాలి, ఈనాక అర మార్కు కంటే ఎక్కువ దిగకూడదు. సగటు మాత్రం రాయకండి, మందలో సగం 2, సగం 4 ఉన్నా సగటు 3 వచ్చి కూర్చుంటుంది. ఆ చేత్తోనే ఎడమ డొక్క పైభాగం చూడండి, పక్కటెముకల వెనక లోతైన గుంట కనిపిస్తే ఆ ఆవు సరిగా తిని ఒక రోజన్నా అయ్యుంటుంది.

పాతికేళ్ల పాడి:

ఇదంతా కాగితాల పని బాబూ. ఆవు పాలిస్తోందా, వేళకు ఎదకొస్తోందా, చూడి కడుతోందా. మూడూ ఉన్నాయంటే ఆవు బాగుంది. ఒంట్లో బాగోలేని ఆవు పాలిస్తుందా ఎక్కడైనా? వీపు వంపులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే పేడ ఎవరెత్తుతారు.

ల్యాబ్ పిల్ల:

పెద్దాయనా, ఎద, చూడి వరకు మీ మాట నేనూ ఒప్పుకుంటాను. పాల దగ్గరే ఒప్పుకోలేను. బాగోలేని ఆవు పాలిస్తుంది, కొన్ని వారాలపాటు బ్రహ్మాండంగా ఇస్తుంది. కొత్తగా ఈనిన ఆవు తినేదానికంటే ఎక్కువ పాలిస్తుంది, ఆ తేడాను ఒంటి కొవ్వు కరిగించి పూడుస్తుంది. అది హద్దు దాటితే కీటోసిస్, అంటే కరిగిన కొవ్వు వల్ల రక్తంలో కీటోన్లు పేరుకునే జబ్బు. ఆ రోజుల్లో పాలు చూస్తే కొవ్వు పెరిగి, ప్రొటీన్ తగ్గి ఉంటుంది. కొవ్వును ప్రొటీన్‌తో భాగిస్తే 1.4, 1.5 దాటిన ఆవులు, అవీ ఈనిన మొదటి నెలన్నరలో ఉన్నవి, వరుసగా కనిపిస్తే అనుమానించాలి. ఖాయం చేసుకోవాలంటే రక్తపు చుక్కతో చూసే చిన్న మీటరు చాలు, కీటోన్ లీటరుకు 1.2 మిల్లీమోల్ దాటితే పైకి లక్షణం లేకపోయినా లోపల మొదలైనట్టే.

పొదుగువాపు కూడా అంతే. పాలు విరిగినట్టు గడ్డలు కనిపించే దశకు ముందు, పైకి ఏమీ కనిపించని వాపు చాలా రోజులు ఉంటుంది. పాలలో సొమాటిక్ కణాలు (ఎక్కువగా ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలే) మిల్లీలీటరుకు 2 లక్షలు దాటిన ఆవుకు ఏదో ఒక చన్నులో ఇన్ఫెక్షన్ ఉందనే అనుకుని చూడాలి. కొత్త మేనేజరు గారూ, ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది పట్టించుకోరు. యూరప్‌లో మంద పాలన్నీ కలిసే ట్యాంకు పాలకు హద్దు 4 లక్షలు, అమెరికాలో ఏడున్నర లక్షలు, మన ట్యాంకు అంతకంటే తక్కువే కదా అని ఊరుకుంటారు. కానీ మందు వాడుతున్న ఆవుల పాలు ట్యాంకులో పడవు, పడకూడదు కూడా. అంటే ఎక్కువ జబ్బుపడినవి లెక్కలోంచి ముందే బయటికి పోయాయి. ట్యాంకు అంకె ట్యాంకులో ఉన్న పాల గురించి చెప్తుంది, అంతే. ఆవుల గురించి కావాలంటే ఒక్కో ఆవు అంకె తీసుకుని 2 లక్షలు దాటినవి నూటికి ఎన్నో రాయండి, వాటిలో పోయిన నెల కూడా దాటినవి ఎన్నో పక్కన రాయండి. ల్యాబ్ అందుబాటులో లేకపోతే నాలుగు గుంటల పళ్లెంలో చేసే కాలిఫోర్నియా పరీక్ష చాలు, 1957 నుంచి ఉన్నదే, చన్ను చన్నుకూ పాలలో పరీక్ష ద్రావణం కలిపితే జిగురుగా మారుతున్నాయో లేదో కళ్లముందే తెలిసిపోతుంది.

పాతికేళ్ల పాడి:

సరే తల్లీ, కొవ్వు సంగతి నాకు ఇంత వివరంగా తెలీదు. కానీ ఒకటి మాత్రం చెప్తాను. బయటివాడు ఒక పూట వచ్చి చూసి మార్కులేసి పోతే ఏం తెలుస్తుంది? ముందురోజు గాలి లేకపోయినా, దాణా మారినా ఆ రోజు మంద వేరేగా ఉంటుంది. ఏ ఆవు గాడి దగ్గరికి ముందు వచ్చేది ఇవాళ వెనకబడింది, ఏది చెవులు వాల్చింది, ఇది రోజూ చూసేవాడికే తెలుస్తుంది. మీ కాగితంలో ఆ గడి పెట్టండి ముందు.

గిట్టల డాక్టరు:

ఇది సరైన మాట, నేను వాదించను. ఒక రోజు చూసేది ఆ రోజుకే. మెల్లగా వచ్చి మెల్లగా పోయేవి, అంటే ఒళ్లు, కీళ్ల పుండ్లు, కుంటడం, ఇవి మూడు నెలలకోసారి చూస్తే చాలు. జ్వరం, పాల జ్వరం (ఈనిన ఆవుకు రక్తంలో కాల్షియం పడిపోవడం), మేత మానేయడం లాంటివి రోజువారీ పుస్తకంలోనే దొరుకుతాయి. రెండూ పక్కపక్కన పెట్టాలి.

కొత్త మేనేజరు:

అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. నేనూ, మా దగ్గర పాలు తీసే అన్నా కలిసి నడక చూశాం. ఒకే ఆవులకు విడివిడిగా మార్కులు వేస్తే 1, 5 దగ్గర గొడవ లేదు, 2కీ 3కీ మధ్యే ఒక్కచోట కూడా కుదరడం లేదు. టెన్షన్ ఏంటంటే ఓనరు వందకు ఎంతో ఒక్క అంకె చెప్పు చాలు అంటున్నాడు. అన్నీ కలిపి ఒక మార్కు ఇవ్వొచ్చా? ఇంకోటి, 60కి 60 చూడాలా, కొన్ని చూస్తే సరిపోతుందా?

లెక్కల పుస్తకం:

ఒక్క అంకె ఇవ్వకండి. ఓనరు అడుగుతాడు, డెయిరీ వాళ్లు కూడా అడుగుతారు, అయినా ఇవ్వకండి. నీళ్లకు 100, గాలికి 100 వచ్చాయి కాబట్టి కుంటేవాటికి 40 వచ్చినా సగటు 80, పాస్, అని తేలుతుంది. తొట్టిలో నీళ్లు తేటగా ఉన్నాయని గిట్ట పుండు నొప్పి తగ్గదు కదా. ఒక్కో అంశానికి ఒక్కో వరుస, ఈసారి నూటికి ఎన్ని, పోయినసారి ఎన్ని. ఓనరుకు సింపుల్‌గా కావాలంటే వాటిలో అన్నిటికంటే అధ్వానంగా ఉన్న మూడు వరుసలు పైన పెట్టి చూపించండి, అది చాలు.

2కీ 3కీ మధ్య తగాదా అందరికీ ఉండేదే, శిక్షణ తీసుకున్నవాళ్లకూ ఉంటుంది. ఫోన్‌లో కొన్ని ఆవుల నడక వీడియో తీసి ఇద్దరూ కూర్చుని ఒకే మాట మీదకు వచ్చేదాకా చూడండి, ప్రతిసారీ మార్కులు వేసే ముందు అదే వీడియో మళ్లీ చూడండి, లేకపోతే నెలలు గడిచేకొద్దీ మీ కన్ను జరిగిపోతుంది. రిపోర్టులో 3, అంతకు పైన వచ్చినవన్నీ కుంటివి అని ఒక అంకె, 4, 5 వచ్చినవి విడిగా ఒక అంకె రాయండి. వీలైతే ప్రతిసారీ అదే మనిషి చూడాలి.

60 అంటే చిన్న మందే, నడక అన్నిటికీ చూసేయండి, ఎలాగూ అన్నీ ఆ దారినే బయటికొస్తాయి. ఒళ్లు, కీళ్లు, మురికి లాంటివి వంతులవారీగా ఒకటి విడిచి ఒకటి తీసుకోవచ్చు. గేటు దగ్గర నిలబడ్డవి, దగ్గరకొచ్చి మూతి పెట్టేవి ఏరుకోకూడదు. పాలు తీసే చోట ముందు వచ్చినవాటితో సరిపెట్టకండి. కాళ్లు నొప్పి ఉన్నవి సాధారణంగా వరుసలో చివర వస్తాయి, మొదటి 30 చూసి ఆపేస్తే మీ ఫారంలో కుంటి ఆవే లేదని రాసుకోవచ్చు. జబ్బు గదిలో ఉన్నవి, వట్టిపోయిన ఆవులు, చూడి పెయ్యలు కూడా లెక్కలోకి రావాలి, లిస్టుల్లోంచి ఎప్పుడూ జారిపోయేవి అవే.

ఇక పుస్తకంలోంచి తీయాల్సినవి. చనిపోయిన ఆవులు, ఈనిన 60 రోజుల లోపే మందలోంచి పోయినవి, పాల జ్వరం, 24 గంటలైనా మాయ వేయనివి, నాలుగో పొట్ట పక్కకు జరిగినవి, పొదుగువాపు కేసులు, పుట్టుకతోనే పోయిన దూడలు, తర్వాత పోయిన దూడలు. ఈతకు సంబంధించినవాటిని మొత్తం ఆవులతో కాకుండా ఆ మూడు నెలల్లో ఈనినవాటితో భాగించండి. ఒక హెచ్చరిక. వైద్యం చేసిన కేసులు తక్కువ కనిపిస్తే ఫారం బాగున్నట్టు అనుకోవద్దు. తొందరగా పట్టుకుని వైద్యం చేసే చోట కేసులు ఎక్కువ కనిపిస్తాయి, ఎవరూ చూడని చోట పుస్తకం తెల్లగా ఉంటుంది. అందుకే చావులు, కేసులు రెండూ కలిపి చదవాలి. కేసులు తక్కువ, చావులు ఎక్కువ అంటే అక్కడ పుస్తకం మీదే నాకు అనుమానం.

దూడల అక్క:

తమ్ముడూ, అందరూ ఒంటి గురించే చెప్పారు, ఆవు మనల్ని చూసి ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేదు. గాడి దగ్గర తల బయటపెట్టి నిలబడ్డ ఆవు ముందు రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడు, అది నిన్ను చూసేదాకా ఆగు. తర్వాత సెకనుకు ఒక అడుగు చొప్పున, చెయ్యి కొంచెం ముందుకు చాపి, చేతి వెనక వైపు దానికి కనిపించేలా నడువు. ఎంత దూరంలో తల వెనక్కి తీసిందో అదే మార్కు. మూతి తాకనిచ్చిందంటే సున్నా. కొన్ని ఆవులు అంతే, సహజంగానే బెదురు. కానీ మందలో చాలా భాగం మీటరు దూరం నుంచే తప్పుకుంటే కర్ర ఆడుతోందనే అర్థం. ఈ పరీక్ష పనివాళ్లను పట్టుకోవడానికి అని చెప్పకు, చెప్తే చూసే రోజు బెల్లం ముక్క జేబులో వేసుకుని తిరుగుతారు.

వేడి సంగతి కూడా రాసుకో. ఎండ వేళ డొక్క ఎగసిపడటం చూసి నిమిషానికి ఎన్ని శ్వాసలో లెక్కపెట్టు, 60 దాటిన ఆవులు ఎక్కువుంటే ఫ్యాన్ తిరుగుతోందన్న టిక్కుకు అర్థం లేదు. నోరు తెరిచి చొంగ కారుస్తుంటే అప్పటికే ఆలస్యం. వేడి, తేమ కలిపి చూసే సూచిక 68 దాటగానే ఎక్కువ పాలిచ్చే ఆవుకు ఇబ్బంది మొదలవుతుంది, అది మనకు హాయిగా అనిపించే వాతావరణమే. వేడికి ఆవులు పడుకోవడం మానేసి నిలబడతాయి, నిలబడి నిలబడి కొన్నాళ్ల తర్వాత గిట్టలు పాడవుతాయి. కాబట్టి ఎండాకాలం అయ్యాక కుంటేవి పెరిగితే నేలను మాత్రమే తిట్టుకోవద్దు.

దూడలు నా పిచ్చి కాబట్టి అది చెప్పకుండా పోను. జున్నుపాలు ఎన్ని గంటల్లోపు తాగింది, ఎంత తాగింది అనేది రాసే అలవాటు ఉందా? మొదటి కొన్ని గంటల్లోనే ఒంటి బరువులో పదో వంతు దాకా పట్టాలి, గంటలు గడిచేకొద్దీ పేగు జున్నుపాలలో ఉండే రోగ రక్షణను లోపలికి తీసుకోవడం తగ్గిపోతుంది, ఒక రోజు దాటితే దాదాపు మూసుకుపోతుంది. జున్నుపాల నాణ్యత చూసే బ్రిక్స్ మీటరులో 22 వచ్చిన జున్నుపాలైతే మంచివి. కొమ్ము మొలకలు కాల్చేటప్పుడు మత్తు ఇంజెక్షన్ ఇస్తున్నారా, తర్వాత రెండు మూడు రోజులు నొప్పి మందు ఇస్తున్నారా అని కూడా ఒక గడి పెట్టు. మత్తు దిగాక నొప్పి మళ్లీ వస్తుంది, తల విదిలించడం, చెవులు ఆడించడం చూస్తే తెలిసిపోతుంది.

కొత్త మేనేజరు:

అక్కా, కొమ్ముల గడి పెడితే మా దగ్గర ఖాళీగానే ఉంటుంది, ఇప్పటిదాకా మత్తు ఇవ్వడం లేదు. డాక్టరుతో మాట్లాడతాను.

చివరి ప్రశ్న. 3 పైన మార్కు వచ్చిన ఆవులు నేననుకున్నదానికంటే చాలా ఎక్కువే ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు రాస్తే డెయిరీ వాళ్లు ఏమంటారో అని ఓనరు భయపడుతున్నాడు, తగ్గించి రాయమంటున్నాడు. ఏం చేయమంటారు?

లెక్కల పుస్తకం:

తగ్గించి రాస్తే వచ్చే మూడు నెలలకు అసలు లెక్క మెరుగైనా మీ కాగితంలో పెరిగినట్టు కనిపిస్తుంది. మొదటిసారి చెడ్డ అంకె రావడమే నయం, దాని పక్కన ఏం చేశారో రాయడానికి చోటుంటుంది. ఆవు నంబరు, మార్కు, గిట్ట చూసిన తేదీ, ఏం దొరికింది, మళ్లీ చూసిన తేదీ. ఇన్ని గడులు నింపిన రిపోర్టును కాదనేవాళ్లు తక్కువ.

గిట్టల డాక్టరు:

రిపోర్టు సంగతి ఆయన చెప్పారు కాబట్టి ఆవుల సంగతి చెప్తాను. 4, 5 వచ్చినవి రేపటికి ఆగకూడదు, ఇవాళే కాలు ఎత్తి చూడాలి. 3 వచ్చినవాటికి కూడా వారం దాటనివ్వకండి, అప్పుడు పట్టుకుంటే గిట్ట చెక్కి, పుండు మీద బరువు పడకుండా ఆరోగ్యంగా ఉన్న పక్క గిట్టకు చెక్క దిమ్మ అంటించి, నొప్పి మందు ఇస్తే చాలావరకు తేరుకుంటాయి. పుండు పడగానే యాంటీబయోటిక్ పొడిచేయకండి, అరికాలి పుండుకు దాంతో పని లేదు, వేళ్ల మధ్య కుళ్లి వాస్తే అది వేరే జబ్బు, దానికి కావాలి. తేడా తెలియకపోతే మీ డాక్టరును పిలవండి. వెనక కాళ్లు ఎత్తినప్పుడు బయటి వైపు గిట్ట ముందు శుభ్రం చేసి చూడండి, ఎక్కువ పుండ్లు అక్కడే దొరుకుతాయి. మడమ మీద, రెండు గిట్టల మధ్య వెనక వైపు స్ట్రాబెర్రీలా ఎర్రగా పచ్చిపుండు ఉంటే అది అంటుకునే రకం, అలాంటివి రెండు మూడు కనిపించాయంటే మందు నీళ్లలో కాళ్లు ముంచే తొట్టి ఎన్ని రోజులకోసారి నింపుతున్నారో, ఆ నీళ్లు ఎన్ని ఆవులు నడిచాక మారుస్తున్నారో ఇక్కడ రాయండి, దాన్నిబట్టి చెప్తాను.